జపాన్ హోటల్లో హౌస్‌కీపింగ్ పనికి కావలసిన జపనీస్ మాటలు ఎలా నేర్చుకోవాలి?

జపాన్‌లో హోటల్ గదులు శుభ్రం చేసే పనికి వెళ్లబోయేవాళ్లు చాలామంది ముందుగా ఒక నోట్‌బుక్ కొంటారు. ఎడమవైపు జపనీస్ మాట, కుడివైపు తెలుగు అర్థం. అలా రెండు మూడు వందల మాటలు బట్టీ పడతారు. నేనూ అలాగే మొదలుపెట్టాను. పనిలో మొదటిరోజు సూపర్‌వైజర్ ఒక వాక్యం చెప్పింది. అందులో దిండు అనే మాట తెలిసింది, గలేబు అనే మాట తెలిసింది. కానీ తియ్యమందో, మార్చమందో, అలాగే ఉంచమందో తెలియలేదు. వస్తువుల పేర్లన్నీ తెలుసు, వాటిని ఏం చేయాలో చెప్పే మాట ఒక్కటీ తెలియదు.

అందుకే ఈ పద్ధతి వేరు. ఇందులో వస్తువు పేరును ఒంటరిగా నేర్చుకోం. దానితో చేసే పనిని కూడా కలిపి, గదిలో చేతులు కదిలే వరసలోనే నేర్చుకుంటాం. తెలుగువాళ్లకు ఇది తేలిక కూడా. ఎందుకో రెండో అడుగులో చూస్తారు.

మొదటి అడుగు: చెవిని, లిపిని సిద్ధం చేసుకోండి

జపనీస్ మాటల్ని ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోకండి. కటకాన, హిరగాన అనే జపనీస్ లిపులు వచ్చేదాకా తెలుగు లిపిలోనే రాసుకోండి. హ్రస్వం, దీర్ఘం, ద్విత్వం మన లిపిలో స్పష్టంగా కనిపిస్తాయి, జపనీస్‌లో అర్థం వాటిమీదే ఆధారపడి ఉంటుంది. ‘బిరు’ అంటే భవనం, ‘బీరు’ అంటే తాగే బీరు. ‘ఒబసన్’ అంటే పిన్ని, అత్త వరస ఆవిడ, ‘ఒబాసన్’ అంటే అమ్మమ్మ, నానమ్మ వయసు ఆవిడ. ‘కితె’ అంటే వచ్చి, ‘కిత్తె’ అంటే పోస్టల్ స్టాంపు. తెలుగులో రాసుకుంటే ఈ తేడా కంటికి కనబడుతుంది, నోటికి వస్తుంది.

రెండు జాగ్రత్తలు. జపనీస్‌లో ట, డ లేవు, అన్నీ త, ద. మాట చివర వచ్చే ‘సు’లో ఉకారం చాలాసార్లు వినిపించదు, అందుకే ‘దెసు’, ‘మసు’ అనేవి దెస్, మస్ అన్నట్టే ఉంటాయి.

హోటల్ మాటల్లో చాలా వరకు బయటి భాషల నుంచి, ఎక్కువగా ఇంగ్లిష్ నుంచి వెళ్లినవే. కాకపోతే జపనీస్ నోట్లో పడి రూపం మారాయి. టవల్ ‘తఒరు’ అయింది. బెడ్ ‘బెద్దొ’, షీట్ ‘షీత్సు’, బకెట్ ‘బకెత్సు’, కప్పు ‘కొప్పు’, టాయిలెట్ ‘తొఇరె’, స్లిప్పర్లు ‘సురిప్ప’. మనకు తెలిసిన మాటే కదా అని మన పద్ధతిలో పలికితే అవతలివాళ్లకు అర్థం కాదు. వాళ్లు పలికినట్టే పలకాలి.

ఇందులో మోసం చేసే మాటలు కొన్ని ఉన్నాయి, వాటిని విడిగా ఒక పేజీలో రాసుకోండి. ‘బిన్’ అంటే చెత్తడబ్బా కాదు, గాజు సీసా. చెత్తడబ్బాను ‘గొమిబకొ’ అంటారు. ‘కొన్సెంతొ’ అంటే గోడకు ఉండే ప్లగ్ సాకెట్. ‘సాబిసు’ అంటే చాలా సందర్భాల్లో ఉచితంగా ఇచ్చేది. ‘కురేము’ అంటే అతిథి చేసిన ఫిర్యాదు. ఉదయం మీటింగ్‌లో ఈ చివరి మాట వినబడిందంటే చెవులు రిక్కించి వినాలి.

కటకానలో ప్రాథమిక అక్షరాలు 46. బయటి భాషల మాటలన్నీ అందులోనే రాస్తారు కాబట్టి లినెన్ గది అరల మీద, చెక్‌లిస్టు మీద ఎక్కువగా కనిపించేది అదే. హిరగాన కంటే ముందు దీన్ని నేర్చుకోమంటాను. భాష నేర్పే టీచర్లు వరస తిరగేశానని అనవచ్చు, కానీ పనికి మొదట అక్కరకొచ్చేది ఇదే.

రెండో అడుగు: తెలుగు వాక్యంలోనే జపనీస్ మాటలు పెట్టండి

ఇంగ్లిష్ ద్వారా జపనీస్ నేర్చుకుంటే వాక్యం తలకిందులవుతుంది. తెలుగు ద్వారా నేర్చుకుంటే అలా కాదు. ఈ వాక్యం చూడండి:

జోకిన్ దె యుక ఒ ఫుఇతె కుదసై.
గుడ్డతో నేలను తుడవండి.

‘జోకిన్’ తుడిచే గుడ్డ. ‘దె’ అంటే మన ‘తో’. ‘యుక’ నేల. ‘ఒ’ అంటే మన ‘ను’. ‘ఫుఇతె’ తుడిచి, ‘కుదసై’ దయచేసి అనే మర్యాద. మాట వెనక మాట, వరస ఏమీ మారలేదు. క్రియ చివరికే వచ్చింది, విభక్తి మాట తర్వాతే వచ్చింది. ‘కర’ అంటే నుంచి, ‘ని’ అంటే కి లేదా లో, ‘నొ’ అంటే యొక్క. ప్రశ్న అడగాలంటే చివర ‘క’ చేరిస్తే చాలు, మనం ‘ఆ’ చేర్చినట్టే. ‘గొమి దెస్’ అంటే చెత్త, ‘గొమి దెస్ క’ అంటే చెత్తేనా?

ఇప్పుడు అన్నిటికన్నా ముఖ్యమైనది. మనం ‘తీసి, పరిచి, కప్పి’ అంటూ పనుల్ని ఒకదానికొకటి గొలుసులా కలుపుతాం కదా, జపనీస్‌లోనూ అదే గొలుసు ఉంది. మన ‘ఇ’ ఉన్నచోట వాళ్లకు ‘తె’ ఉంటుంది:

షీత్సు ఒ హగషితె, అతరషీ షీత్సు ఒ షీతె, ఫుతొన్ ఒ కకెతె కుదసై.
షీటును తీసేసి, కొత్త షీటును పరిచి, దుప్పటిని కప్పండి.

సూపర్‌వైజర్లు చెప్పే సూచనలు దాదాపు అన్నీ ఈ గొలుసులోనే వస్తాయి. అందుకే క్రియల్ని మొదటి నుంచీ ‘తె’ రూపంలోనే నేర్చుకోండి. నిఘంటువు రూపం తర్వాత చూసుకోవచ్చు. ముందు ఇవి:

ఫుఇతె: తుడిచి
అరత్తె: కడిగి
హైతె: ఊడ్చి
మిగైతె: మెరిసేలా రుద్ది
హగషితె: పక్క మీది షీటు, గలేబు లాంటివి తీసేసి
షీతె: పరిచి
కకెతె: కప్పి, తగిలించి
తతందె: మడతపెట్టి
సుతెతె: పారేసి
కఎతె లేదా కోకన్ షితె: మార్చి
హొజూ షితె: తక్కువైనవి తెచ్చిపెట్టి
కకునిన్ షితె: సరిచూసి

వద్దని చెప్పేటప్పుడు ‘నైదె కుదసై’ వస్తుంది. ‘సుతెనైదె కుదసై’ పారేయవద్దు, ‘సవరనైదె కుదసై’ ముట్టుకోవద్దు, ‘హైరనైదె కుదసై’ లోపలికి రావద్దు. ‘సుతెతె’, ‘సుతెనైదె’ రెండూ వేగంగా వింటే ఒకేలా అనిపిస్తాయి, అర్థం మాత్రం పూర్తిగా రివర్స్. ‘నై’ వినిపించిందా లేదా అన్నదే చెవికి మొదటి పరీక్ష. ఫోన్‌లో రెండూ రికార్డు చేసుకుని, కలిపి వింటూ గుర్తుపట్టడం అలవాటు చేసుకోండి.

‘కకెతె’ గురించి ఒక మాట. దుప్పటి కప్పడం, బట్ట హ్యాంగర్‌కు తగిలించడం, వాక్యూమ్ క్లీనర్ తిప్పడం, తాళం వేయడం, అన్నిటికీ ఇదే క్రియ. ‘సోజికి ఒ కకెతె’ అంటే వాక్యూమ్ క్లీనర్‌తో శుభ్రం చేసి. ‘కగి ఒ కకెతె’ అంటే తాళం వేసి. ముందున్న వస్తువును బట్టే అర్థం. వస్తువును, పనిని జంటగా నేర్చుకోమని నేను పట్టుబట్టేది ఇందుకే.

మూడో అడుగు: ఒక గదిలో నడవండి

జపాన్‌లో శుభ్రం చేసే పనికి ఒక సూత్రం చెబుతారు: ‘ఉఎ కర షిత ఎ, ఒకు కర తెమఎ ఎ’. పైనుంచి కిందికి, లోపలి నుంచి తలుపు వైపుకి. దుమ్ము కిందికే రాలుతుంది కాబట్టి కింద ముందు తుడిస్తే మళ్లీ తుడవాలి. ఈ ఒక్క వాక్యంలో నాలుగు దిక్కుల మాటలూ వచ్చేశాయి. మన మాటల జాబితా కూడా ఇదే దారిలో వెళ్లాలి.

గది ‘హెయ’. తలుపు తెరవగానే కిటికీ తెరవండి: ‘మదొ ఒ అకెతె’. చెత్త పోగుచేయండి: ‘గొమి ఒ అత్సుమెతె’. అక్కడ చెత్తను రకాలుగా వేరుచేయాలి, ఆ వేరుచేయడాన్ని ‘బుంబెత్సు’ అంటారు. కాలే చెత్త ‘మొఎరు గొమి’, ప్లాస్టిక్ నీళ్ల సీసా ‘పెత్తొ బొతొరు’, డబ్బా ‘కన్’, ఇందాక చెప్పిన గాజు సీసా ‘బిన్’. వేరుచేసే నియమాలు ఊరిని బట్టి మారతాయి, కాబట్టి మీ హోటల్లో గోడకు అంటించిన కాగితం ఫొటో తీసుకుని అందులోని మాటలే నేర్చుకోండి.

తర్వాత పక్క. దిండు ‘మకుర’, గలేబు ‘మకుర కబా’, కంబళి ‘మోఫు’, పైన కప్పుకునేది ‘కకెబుతొన్’. ముడత అంటే ‘షివ’. షీటు పరిచాక ‘షివ ఒ నొబషితె’ అన్న మాట రోజుకు పదిసార్లు వింటారు, ముడత లేకుండా సాగదీయమని. అరచేత్తో మధ్య నుంచి అంచుల వైపు లాగుతూ ఆ మాటను పైకి అనండి. చేతి కదలికతో కలిసి పోయిన మాటను మనసు అంత తొందరగా వదలదు.

బల్ల ‘త్సుకుఎ’, కుర్చీ ‘ఇసు’, సొరుగు ‘హికిదషి’, ఫ్రిజ్ ‘రేజోకొ’, లైటు ‘దెంకి’, ఏసీ ‘ఎఅకొన్’, రిమోట్ ‘రిమొకొన్’, గోడ ‘కబె’. వీటి దగ్గర ఎక్కువసేపు ఆగక్కర్లేదు. దాదాపు అన్నిటికీ పని ఒక్కటే, ‘ఫుఇతె’. లైటుకు మాత్రం వేయడం ‘త్సుకెతె’, ఆర్పడం ‘కెషితె’ కలిపి నేర్చుకోండి.

బాత్రూమ్ దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చోవాలి. తప్పులు ఎక్కువగా దొరికేది అక్కడే. తొట్టె ‘యొకుసో’, చేతులు కడుక్కునే సింకు ‘సెన్‌మెందై’, అద్దం ‘కగమి’, నీళ్లు పోయే రంధ్రం ‘హైసుఇకో’. నీటిబొట్టు ‘సుఇతెకి’, ఉప్పునీళ్ల తెల్లటి మరక ‘మిజుఅక’, బూజు ‘కబి’. గోడ ‘కబె’, బూజు ‘కబి’. ఒక్క అచ్చే తేడా, చూసి పలకండి. తడిగుడ్డతో తుడవడాన్ని ‘మిజుబుకి’ అంటారు, పొడిగుడ్డతో తుడవడాన్ని ‘కరబుకి’. అద్దం తడిగుడ్డతో తుడిచి వదిలేస్తే ఆరాక చారలు కనిపిస్తాయి, అందుకే ‘కగమి వ కరబుకి’ అని గుర్తు పెట్టుకోండి.

వెంట్రుకను ‘కమినొకె’ అంటారు. ఉత్త ‘కమి’ అంటే వెంట్రుకా కావచ్చు, కాగితమూ కావచ్చు, దేవుడూ కావచ్చు. ఒక్క వెంట్రుక, ‘కమినొకె ఇప్పొన్’, తొట్టెలో మిగిలినా ఆ గది మళ్లీ చేయాల్సిందే. తెల్లటి సింకును నిటారుగా నిలబడి చూస్తే అది కనిపించదు. మోకాళ్లు వంచి, కళ్లు సింకు అంచు ఎత్తుకు తెచ్చి, వెలుతురు వైపు చూడండి. పడుకున్న వెంట్రుక నీడతో సహా కనిపిస్తుంది.

గుడ్డల మీద ‘యో’ అనే చిన్న మాట చూడండి, అంటే ‘కోసం’. ‘తొఇరె యో’ టాయిలెట్‌కు, ‘కొప్పు యో’ కప్పులకు. ఇవి ఎప్పటికీ కలవకూడదు. ఈ ఒక్క మాట చదవడం రాక పొరపాటు జరిగితే క్షమించరు, క్షమించకూడదు కూడా.

నాలుగో అడుగు: జంట మాటలు పట్టుకోండి

పాఠ్యపుస్తకాల్లో శుభ్రం అంటే ‘కిరే’, మురికి అంటే ‘కితనై’ అని ఉంటుంది. పనిలో తోటివాళ్లు మాత్రం తళతళ, గరగర లాంటి మాటలే ఎక్కువ వాడతారు. మనకూ అవి బోలెడన్ని ఉన్నాయి కాబట్టి సులువుగా ఎక్కుతాయి.

తళతళ మెరవడం ‘పికపిక’. కుళాయి చూపించి ‘పికపిక ని షితె’ అన్నారంటే మెరిసేలా తోమమని. బంకబంకగా అంటుకుంటే ‘బెతబెత’. సబ్బు జిడ్డుతో జారుతుంటే ‘నురునురు’, కడిగింది సరిపోలేదని అర్థం. వేలితో రాస్తే ఇసుకలా గరుకుగా తగిలితే ‘జరజర’. తెలుగులో జరజర అంటే ఈడ్చుకెళ్లడం గుర్తొస్తుంది, ఇక్కడ ఆ అర్థం కాదు. నీళ్లు కారేంత తడిస్తే ‘బిషొబిషొ’. ఎండి మెత్తగా పొంగిన టవల్ ‘ఫువఫువ’.

దుమ్ము, వెంట్రుకలు అంటుకునేలా జిగురు కాగితం చుట్టిన రోలర్ ఉంటుంది. దాని పేరే ‘కొరొకొరొ’, దొర్లే చప్పుడు నుంచి వచ్చింది. ట్రాలీ మీద అది ఎక్కడుందో మొదటిరోజే చూసి పెట్టుకోండి.

ఐదో అడుగు: అంకెలు

ఇచి, ని, సన్, యొన్, గొ, రొకు, నన, హచి, క్యూ, జూ. నాలుగుకు ‘షి’ అని, ఏడుకు ‘షిచి’ అని కూడా ఉన్నాయి. గది నంబర్లకు అవి వాడకండి. ‘షి’ అంటే చావు అనే అర్థమూ ఉంది, కొన్ని హోటళ్లలో ఆ కారణంగానే నాలుగుతో ముగిసే గదులు ఉండవు. ఇక ‘ఇచి’, ‘షిచి’ ఇయర్‌ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి.

గది నంబర్ చెప్పేటప్పుడు సున్నాను ‘మరు’ అంటారు, గుండ్రం అని అర్థం. 305 అంటే ‘సన్ మరు గొ’. ఇలా 101 నుంచి 912 వరకు ఏదో ఒక నంబర్ తీసుకుని రోజూ ఇరవైసార్లు చదవండి. వినడం కూడా సాధన చేయాలి, నంబర్ చెప్పగానే రాసుకోవడం అలవడాలి.

లెక్కించేటప్పుడు వస్తువు ఆకారాన్ని బట్టి అంకె వెనక మాట మారుతుంది. మనం మనుషుల్ని ఇద్దరు, ముగ్గురు అని, వస్తువుల్ని రెండు, మూడు అని అంటాం కదా, వాళ్లు దాన్ని ఇంకా ముందుకు తీసుకెళ్లారు. షీట్లు, టవళ్లు లాంటి పల్చటివాటికి ‘మై’: ఇచిమై, నిమై, సన్‌మై, యొన్‌మై. సీసాలు, టూత్‌బ్రష్‌లు లాంటి పొడుగువాటికి ‘హొన్’: ఇప్పొన్, నిహొన్, సంబొన్, యొన్‌హొన్. సబ్బుల లాంటి చిన్నవాటికి ‘కొ’: ఇక్కొ, నికొ, సంకొ. స్లిప్పర్ల జతకు ‘సొకు’: ఇస్సొకు, నిసొకు. మొదట ఈ నాలుగు చాలు. ‘తఒరు నిమై’, ‘హబురషి నిహొన్’, ‘సురిప్ప నిసొకు’ అని ఇద్దరుండే గదికి కావలసినవన్నీ ఒక పాటలా కట్టుకోండి. విడివిడిగా పట్టికలు చదివితే మర్చిపోతారు.

టైమ్‌కు ‘జి’ చేరుతుంది. గదులు ఖాళీ చేసే టైమ్ చాలా చోట్ల ‘జూజి’ లేదా ‘జూఇచిజి’, అంటే పది, పదకొండు. కొత్త అతిథులు రావడం తరచుగా ‘సన్‌జి’, మూడు గంటలకు. ‘సన్‌జి మదె’ అంటే మూడింటి వరకు, ‘సన్‌జి మదె ని’ అంటే మూడింటిలోపు. చివరి ‘ని’ వినకపోతే టెన్షన్ మీకే.

ఆరో అడుగు: తలుపు దగ్గర

ముందుగా తలుపుకు ఏం వేలాడుతోందో చూడండి. ‘ఒకొసనైదె కుదసై’ అంటే నిద్ర లేపవద్దు. అది ఉంటే తలుపు తట్టకుండా ముందుకు వెళ్లిపోండి. లేకపోతే తట్టి, ఆగి, ‘షిత్సురే షిమస్. ఒసోజి ని మైరిమషిత’ అనండి. ‘క్షమించండి, గది శుభ్రం చేయడానికి వచ్చాను’ అని.

లోపలి నుంచి వచ్చే జవాబుల్లో ‘ఒనెగై షిమస్’ అంటే చేయండి. ‘అతొ దె’ అంటే తర్వాత. చిక్కంతా ‘దైజోబు దెస్’ తో వస్తుంది. నిఘంటువులో దాని అర్థం ‘పర్వాలేదు’. నా తొలి రోజుల్లో ఒక పెద్దాయన తలుపు సగం తెరిచి ‘దైజోబు దెస్’ అన్నాడు. పర్వాలేదు, రండి అన్నాడనుకుని లోపలికి అడుగు పెట్టబోయాను. ఆయన అరచేయి అడ్డంగా పెట్టి నవ్వుతూ మళ్లీ అదే మాట అన్నాడు. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ‘అక్కర్లేదు, ఇలాగే బాగుంది’ అని. ‘కెక్కో దెస్’ అన్నా అదే, వద్దని. ఈ రెండూ వింటే ‘కషికొమరిమషిత’ అని కాస్త వంగి వెనక్కి రండి. అంటే ‘చిత్తం, అలాగేనండి’. అతిథులకు ఈ మాట, తోటి పనివాళ్లకు ‘వకరిమషిత’.

అతిథి అడిగింది అర్థం కాలేదనుకోండి, నవ్వి ‘హై’ అనేయకండి. ‘హై’ అంటే వింటున్నాను అని కూడా అర్థం, వాళ్లు మాత్రం పని అయిపోతుందనుకుంటారు. మనకు అలవాటైనట్టు తల అటూ ఇటూ ఊపడం కూడా అక్కడ కాదన్నట్టే కనిపిస్తుంది. ఇలా చెప్పండి: ‘షోషో ఒమచి కుదసై. తంతో నొ మొనొ ఒ యొందె మైరిమస్.’ కాసేపు ఆగండి, సంబంధించిన వ్యక్తిని పిలిచి వస్తాను. ‘యొందె మైరిమస్’ అచ్చంగా మన ‘పిలిచి వస్తాను’.

ఏడో అడుగు: జరిగింది చెప్పడం

పైవాళ్లకు చెప్పడం, సమాచారం అందించడం, సలహా అడగడం. ఈ మూడూ అక్కడి ఉద్యోగాల్లో మొదట నేర్పే పాఠం. ‘హోకొకు, రెన్‌రకు, సోదన్’ అంటారు, మూడిటి మొదలూ కలిపి ‘హోరెన్సో’. ఆ మాటకు పాలకూర అనే అర్థం ఉంది కాబట్టి ఎవరూ మర్చిపోరు. చాలా హోటళ్లలో చెవికి పెట్టుకునే చిన్న వైర్‌లెస్ సెట్‌లో మాట్లాడాలి, దాన్ని ‘ఇంకము’ అంటారు. అందులో పొడుగు వాక్యాలు పనికిరావు. గది నంబర్, వస్తువు, ఏమైంది, అంతే.

‘సన్ మరు గొ, ఒయు గ దెమసెన్.’ 305లో వేడినీళ్లు రావడం లేదు. చన్నీళ్లు ‘మిజు’, వేడినీళ్లకు ‘ఒయు’ అని వేరే మాట ఉంది, మిజుకు వేడి చేర్చి చెప్పకూడదు. ‘దెంకి గ త్సుకిమసెన్’ లైటు వెలగడం లేదు. ‘దొరైయా గ కొవరెతె ఇమస్’ హెయిర్ డ్రయర్ పాడైంది. ‘తొఇరె గ త్సుమత్తె ఇమస్’ టాయిలెట్ అడ్డుపడి మూసుకుపోయింది. ‘మిజు గ మొరెతె ఇమస్’ నీళ్లు కారుతున్నాయి. ‘షీత్సు గ తరిమసెన్’ షీట్లు సరిపోలేదు. పని అయ్యాక ‘సన్ మరు గొ, ఒవరిమషిత’. అర్థం కాకపోతే ‘సుమిమసెన్, మో ఇచిదొ ఒనెగై షిమస్’, ఇంకోసారి చెప్పండి. ఇది ఎన్నిసార్లు అడిగినా తప్పు కాదు. అడగకుండా తప్పు చేస్తేనే ఇబ్బంది.

అతిథి మర్చిపోయిన వస్తువును ‘వసురెమొనొ’ అంటారు. చెత్తడబ్బాలో లేనిది ఏదీ చెత్త కాదు అనుకోండి, చిరిగిన కాగితమైనా సరే. ‘కొరె వ గొమి దెస్ క’ అని అడిగాకే పారేయండి. ఎక్కడ దొరికిందో చెప్పాలి: ‘బెద్దొ నొ షిత ని అరిమషిత’, మంచం కింద ఉంది. పైన అయితే ‘ఉఎ’, లోపల ‘నక’, పక్కన ‘యొకొ’.

ప్రాణం కాపాడే మాటలు

ఇవి మాటల సాధనతో సంబంధం లేకుండా మొదటి రోజే రావాలి. కొన్ని క్లీనింగ్ ద్రావణాల సీసాల మీద పెద్ద అక్షరాల్లో ‘మజెరున కికెన్’ అని ఉంటుంది. ‘కలపొద్దు, ప్రమాదం’ అని. క్లోరిన్ ఉన్న బ్లీచ్, అంటే ‘ఎన్సొకే’, ఆమ్లం ఉన్న టాయిలెట్ ద్రావణం, అంటే ‘సన్సే’, రెండూ కలిస్తే విషవాయువు పుడుతుంది. తలుపు మూసిన చిన్న బాత్రూమ్‌లో అది చాలా ప్రమాదం. ఆ రెండు సీసాల ఫొటోలు ఫోన్‌లో పెట్టుకుని, వాటి మీది అక్షరాల ఆకారం చూడగానే గుర్తుపట్టేదాకా చూడండి. చదవడం రాకపోయినా పర్వాలేదు, బొమ్మలా గుర్తుండాలి. అలాగే ‘హిజోగుచి’, అత్యవసర ద్వారం.

‘అబునై’ అని ఎవరైనా అరిస్తే ఆగిపోండి, ప్రమాదమని. భూకంపం ‘జిషిన్’, మంట ‘కజి’, కాపాడండి ‘తసుకెతె’. అంబులెన్స్‌కూ, అగ్నిమాపక దళానికీ 119, పోలీసులకు 110. నడుము నొప్పి ఈ పనిలో మామూలు, దాన్ని దాచుకోకండి: ‘కొషి గ ఇతై దెస్’.

ర్యొకన్‌కు వెళ్లేవాళ్లకు

సంప్రదాయ బసలైన ర్యొకన్‌లో మాటలు కొంచెం మారతాయి. నేల మీద గడ్డితో నేసిన ‘తతమి’ చాపలు ఉంటాయి. వాటిని నేత వెంబడే ఊడవాలి, ‘తతమి నొ మె ని సొత్తె’. అడ్డంగా ఊడిస్తే నేత చెడుతుంది. పడక పరవడం ‘ఫుతొన్‌షికి’, తీయడం ‘ఫుతొన్ అగె’, పెట్టే అర ‘ఒషీరె’. పడక పరిచేటప్పుడు తల ఉత్తరం వైపు రాకుండా చూస్తారు, చనిపోయినవారిని అలా పడుకోబెడతారని. దీని పేరు ‘కితమకుర’, ఉత్తరపు దిండు. మన ఇళ్లలోనూ ఉత్తరం వైపు తల పెట్టొద్దంటారు కాబట్టి మీకు వేరే చెప్పక్కర్లేదు. అతిథులకు ఇచ్చే పల్చటి నూలు అంగీ ‘యుకత’ తొడిగితే ఎడమ అంచు పైకి రావాలి, కుడి అంచు పైకి వస్తే అది శవానికి తొడిగే పద్ధతి.

పరీక్ష సంగతి

జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన ‘తొకుతే గినో’ (నిర్దిష్ట నైపుణ్యం ఉన్న పనివాళ్ల) వీసాలో హోటల్ బసకూ, భవనాల శుభ్రతకూ వేరువేరు విభాగాలు ఉన్నాయి. మీ కాంట్రాక్ట్ ఏ విభాగం కిందిదో, అందులో గది పని ఎంతో వెళ్లకముందే అడిగి తెలుసుకోండి. దీనికి జపనీస్ భాషా పరీక్షలైన జేఎల్‌పీటీ ఎన్4 గానీ, జేఎఫ్‌టీ బేసిక్ గానీ పాసవ్వాలి. రెండోదాంట్లో 250కి 200 రావాలి. పైన చెప్పిన మాటలు పనికి సరిపోతాయి కానీ పరీక్షకు చాలవు. వ్యాకరణం, హిరగాన, చైనా నుంచి వచ్చిన అక్షరాలైన కంజి విడిగా చదవాల్సిందే.

రోజూ ఇలా సాధన చేయండి

రోజుకు ఏడెనిమిది వస్తువు-పని జంటలు తీసుకోండి, అంతకన్నా ఎక్కువ వద్దు. మీ పక్క సర్దుకునేటప్పుడు, గిన్నెలు కడిగేటప్పుడు, గది ఊడ్చేటప్పుడు చేసే ప్రతి పనినీ జపనీస్‌లో పైకి చెప్పండి. ‘మదొ ఒ అకెతె, గొమి ఒ అత్సుమెతె, షీత్సు ఒ హగషితె’. వారానికి రెండుసార్లు ఇంట్లో ఎవరితోనైనా కాగితం చూసి మీకు ఆజ్ఞలు చదవమనండి. మీరు జవాబు చెప్పొద్దు, ఆ పని చేసి చూపించండి. చేయి తడబడిన మాటే ఇంకా రాని మాట. దాన్ని మర్నాటి జాబితాలో పైన రాసుకోండి.

నెల గడిచాక ఒక ఊహా గది తీసుకుని, నంబర్‌తో మొదలుపెట్టి, పాడైనవి, తక్కువైనవి, దొరికినవి, చివరికి ‘ఒవరిమషిత’ వరకు ఇంకములో చెప్పినట్టు ఫోన్‌లో రికార్డు చేయండి. మర్నాడు పొద్దున చెవికి ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. ఎక్కడ దీర్ఘం తగ్గిందో, ఎక్కడ ‘త’ మీద ‘ట’ పడిందో మీకే వినబడుతుంది. ఆ చోటు నుంచే మళ్లీ చెప్పండి.